ఎంగిలికి ఇంగ్లీషు మాట

హోటల్ గుమ్మం ముందు నల్లపలక మీద సుద్దముక్కతో ఆ రోజు వంటకాలు రాసి పెట్టారు. చదివితే నోరూరాలన్నది వాళ్ళ ఉద్దేశం కాబోలు. గౌరికి మాత్రం చదువుతున్నకొద్దీ అనుమానం పెరిగింది, ఏ వంటకంలో ఏ జంతువు దాక్కుని ఉందోనని. అమెరికాలోని చాండ్లర్‌లో పదకొండేళ్ళుగా కాపురం చేస్తోంది. అయినా ఇలాంటి చోటికి వచ్చినప్పుడల్లా చదవని పాఠంలోంచి ప్రశ్నలిచ్చిన పరీక్షకి కూర్చున్నట్టే ఉంటుంది. కోడి తింటుంది, చేప తింటుంది, మిగతావి ముట్టదు. ఆ మాట ఇక్కడ విప్పి చెప్పేసరికి ఆకలి కాస్తా చచ్చిపోతుంది.

కానీ ఈ పూట హోటల్ ఎంచుకున్నది గౌరి కాదు, డార్లీన్. డార్లీన్ ఎక్కడికి రమ్మంటే అక్కడికి రావడం తప్ప గౌరికి వేరే దారి లేదు.

ఇద్దరూ ఒకే గుడ్డల షాపులో పనిచేశారు. గ్రీన్ కార్డు వచ్చాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, కుట్టుపని తెలుసు కదా అన్న ఒక్క ధైర్యంతో గౌరి ఆ షాపులో చేరింది. అక్కడి ఆడవాళ్ళు కొత్త గుడ్డ కొని, దాన్ని ముక్కలుముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని మళ్ళీ కలిపి కుట్టి బొంతలు చేసుకుంటారు. మనం పాత చీరలతో చేసుకునే పనికి వీళ్ళు కొత్త తానులు తెగ్గోస్తున్నారేమిటమ్మా అని గౌరి మొదటి వారమంతా గుండె బాదుకుంది. అప్పుడు పక్కన నిలబడి, తాను ఎలా విప్పాలో, కత్తెర ఎక్కడ ఆపాలో, విసుక్కునే కస్టమర్‌తో ఏం మాట్లాడాలో నేర్పింది డార్లీన్. అరవై రెండేళ్ళ మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కొడుకూ అలాస్కాలో ఉంటాడు, క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు. గౌరి డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పితే, మూడోసారి తన కారిచ్చి, పక్కన కూర్చుని, ఆదివారాలన్నీ పాడుచేసుకుని నేర్పించి పాసయ్యేలా చేసింది. అంత పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి గౌరికి నోరు రాలేదు. షాపులో తప్పదు కనక డార్లీన్ అనేది, ఇంటికొచ్చి మొగుడితో మాట్లాడేటప్పుడు మాత్రం "డార్లీన్ గారు" అనేది.

ఫిబ్రవరిలో డార్లీన్‌కి రొమ్ములో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేశారు, ఆ తరవాత మందులెక్కించారు. జుట్టంతా పోయింది. అన్నీ కలిపి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో గౌరి ఎన్నిసార్లు వెళ్ళి చూసింది? రెండంటే రెండుసార్లు. మొదటిసారి పూలు పట్టుకెళ్ళింది, రెండోసారి పెసరపప్పు కట్టు పట్టుకెళ్ళింది. ఆ తరవాత వెళ్ళలేదు. పని ఉందని తనకి తనే చెప్పుకుంది, కూతురు పూజిత స్కూలని చెప్పుకుంది. అసలు సంగతి, జబ్బు మనిషి ముందు కూర్చుని ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో తెలియలేదు. ధైర్యం చెప్పే మాటలన్నీ గౌరికి తెలుగులోనే వచ్చు. వెళ్ళలేదన్న సిగ్గు ఒక వారం నుంచి ఇంకో వారానికి పెరిగి, చివరికి ఆ సిగ్గే వెళ్ళకపోవడానికి కారణమై కూర్చుంది.

అలాంటిది మొన్న డార్లీనే ఫోన్ చేసింది. "ఎనిమిది నెలలుగా ఏం తిన్నా ఇనప మేకు చప్పరిస్తున్నట్టుంది, హనీ. ఇప్పుడిప్పుడే నాలుక తిరిగొస్తోంది. మొదటి మంచి భోజనం ఒంటరిగా తినను. నువ్వు రావాలి."

ఫోన్ పెట్టేశాక గౌరి వంటింట్లో నిలబడి ఏడ్చింది. తనని గౌరి దూరం పెట్టిందని డార్లీన్ అనుకోకూడదు. దూరం పెట్టలేదని ఈ ఒక్క పూటలో ఎలాగైనా తెలిసొచ్చేలా చెయ్యాలి. అంతకన్నా గౌరి ఆ రోజు కోరుకున్నదేమీ లేదు.

డార్లీన్ అప్పటికే లోపల కూర్చుని ఉంది. తలకి గుడ్డ చుట్టుకుంది, నీలం మీద తెల్ల చుక్కలు. తమ షాపు గుడ్డే అని గౌరి ఇట్టే పోల్చుకుంది. మనిషి సగమైపోయింది. గౌరి గబగబా వెళ్ళి కౌగలించుకుంది. చేతుల కింద వీపు ఎముకలు తగిలాయి. ఏదో ఒకటి అనాలి కదా అని "చాలా బాగున్నారు" అంది. "అబద్ధాలకోరు" అని డార్లీన్ నవ్వింది. ఆ నవ్వు మాత్రం మారలేదు. గౌరికి ప్రాణం లేచొచ్చింది.

జుట్టు వెనక్కి లాగి కట్టుకున్న అమ్మాయి వచ్చి, ఏం తెమ్మంటారని అడిగింది. డార్లీన్ చికెన్ పాట్ పై అడిగింది, లోపల కోడిమాంసం, పైన పిండి మూత పెట్టి కాల్చేది. "అద్భుతమైన ఎంపిక" అంది ఆ పిల్ల. గౌరి ఏ గొడవా లేకుండా టమాటా సూపూ రొట్టే చెప్పింది. దానికీ "అద్భుతమైన ఎంపిక" అంది. మంచినీళ్ళు అడిగినా అదే అనేదేమో.

సూప్ వచ్చింది. మన చారుకి అది దూరపు చుట్టం కూడా కాదు. ఎర్రగా, చిక్కగా, పులుపు మీద తియ్యతియ్యగా ఉంది. మిరియాలు లేవు, పోపు లేదు, మధ్యలో ఒక పచ్చని ఆకు మాత్రం తేలుతోంది. దీనికోసమా ఇరవై నిమిషాలు ఎండలో కారు నడుపుకుని వచ్చిందీ అని గౌరి లోపల్లోపల విసుక్కుంది. పైకి మాత్రం బుద్ధిగా రొట్టె ఒక ముక్క కొరికి, నాలుగు చెంచాలు తాగింది. తిండి ఎలా ఉంటేనేం, తిండి కోసం వచ్చిందా తను?

డార్లీన్ చెంచాతో పిండి మూత పగలగొట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది. కళ్ళు తెరిచేసరికి వాటినిండా నీళ్ళున్నాయి.

"ఉప్పు," అంది. "గౌరీ, ఉప్పు తెలుస్తోంది."

గౌరి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. డార్లీన్ చిన్నపిల్లలా నవ్వుతూ, "ఆగు, ఆగు, నీదీ చూడనీ" అని, చేతిలో ఉన్న చెంచానే తీసుకొచ్చి గౌరి గిన్నెలో ముంచింది. తాగింది. "పులుపు! పులుపు కూడా!" అంది. మళ్ళీ ముంచింది. నోట్లోంచి తీసిన చెంచా తీసినట్టే సూప్‌లో మునిగి, నిండుగా పైకి లేచింది.

చెంచా ఎత్తబోయిన గౌరి చెయ్యి ఆగిపోయింది.

ఆపాలని అనుకుని ఆపలేదు. దాని మానాన అదే ఆగింది. గ్లాసు ఎత్తి తాగాలని, ఎంగిలి చేత్తో గరిటె ముట్టకూడదని, అన్నం తింటూ కూరగిన్నెలో చెయ్యి పెట్టకూడదని, పలకా బలపం పట్టకముందే నేర్చుకున్న చెయ్యి అది. దానికి డార్లీన్ ఎవరో తెలియదు, ఎనిమిది నెలల సంగతి తెలియదు. గౌరి చెంచా కింద పెట్టేసి, గిన్నెని కాస్త పక్కకి జరిపింది. ఎంతో కాదు, ఒక్క అంగుళం.

ముప్పై ఏళ్ళు గుడ్డ కొలిచిన మనిషికి అంగుళం కనిపించదా? డార్లీన్ కళ్ళు గిన్నె మీదికి వెళ్ళాయి, అక్కణ్ణుంచి గౌరి చెంచా మీదికి వెళ్ళాయి.

"తాగడం ఆపేశావేం?"

"ఆకలి లేదు," అంది గౌరి. అది చాలదని తనకే అనిపించింది. ఇంకాస్త గట్టి కారణం కావాలి. తొందరలో చేతికందిన అబద్ధం పట్టుకుంది. "సూప్ బాలేదు. రుచీపచీ లేదు."

సరిగ్గా అప్పుడే ఆ అద్భుతమైన ఎంపికల పిల్ల వచ్చి, అంతా బాగుందా అని అడిగింది. గౌరి అబద్ధం మీద నిలబడక తప్పలేదు. బాలేదని ఆ పిల్లకీ చెప్పింది. ఆ పిల్ల మొహం మాడ్చుకుని, అయ్యో క్షమించండి, ఇంకోటి తెస్తానంది. వద్దంది గౌరి. ఉప్పు తెస్తానంది. అదీ వద్దంది. పాపం, ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్ల మరో రెండుసార్లు క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోయింది.

డార్లీన్ ఇంకా సూప్ వైపే చూస్తోంది. వెలుగంతా పోయింది ఆ మొహంలో.

"నాకు చాలా బాగున్నట్టనిపించింది," అంది నెమ్మదిగా. "అయితే నా నాలుక ఇంకా సరి కాలేదన్నమాట. ఏదో ఊహించుకున్నాను."

గౌరి తనని తనే తిట్టుకుంది. ఛీ, ఎంత పని చేశాను! ఎనిమిది నెలల తరవాత దొరికిన రుచి, రెండు నిమిషాలన్నా నోట్లో నిలవనివ్వకుండా లాగేసుకుంది. అబద్ధమని చెప్పాలి. చెప్తే, మరి ఎందుకు మానేశావంటుంది. ఎంగిలి అని చెప్పాలి. ఎంగిలిని ఇంగ్లీషులో ఏమంటారు? ఎంత వెతికినా మాట దొరకలేదు. ఒక్క నిమిషం అని లేచి, బాత్రూంలోకి వెళ్ళి మొగుడు రవికాంత్‌కి ఫోన్ చేసింది.

"మీటింగ్‌లో ఉన్నానే. ఏంటి, అంతా ఓకేనా?" అన్నాడు రవికాంత్ గొంతు తగ్గించి.

"ఏవండీ, ఎంగిలిని ఇంగ్లీష్‌లో ఏమంటారు?"

"ఎంగిలా? ఇప్పుడు అదెందుకే నీకు?"

"డార్లీన్ గారు నా సూప్‌లో స్పూన్ పెట్టేశారండీ. నాకు చెయ్యాడక ఆగిపోయా. ఆవిడ చూసేశారు. నేనేమో సూప్ బాలేదని అబద్ధం చెప్పా. ఇప్పుడావిడ తన నాలుకే పనిచెయ్యట్లేదని బాధపడుతున్నారు. చెప్పండి తొందరగా."

"ఓరి నాయనో. తాగేస్తే పోయేదిగా?"

"ఆ సలహా అవతలింటివాళ్ళు కూడా చెప్తారు. మాట చెప్పండి."

"ఎంగిలంటే... సలైవా అనుకుంటా. ఆఁ, సలైవా అని చెప్పు, మా కల్చర్‌లో ఇలా అని ఎక్స్‌ప్లెయిన్ చెయ్. అర్థమైపోద్ది వాళ్ళకి. ఉంటానే, మేనేజర్ పిలుస్తున్నాడు."

సలైవా. గౌరి ఆ మాటని అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకుంది. పదో తరగతి సైన్సు పుస్తకంలో చదివిన మాటే. లాలాజలం. ఏదో తేడాగా అనిపించింది గానీ, ఆయన రోజంతా ఇంగ్లీషులో మాట్లాడే మనిషి, తనకన్నా తెలుసు కదా అనుకుంది. మొహం కడుక్కుని బయటికొచ్చింది.

డార్లీన్ తన పాట్ పై కూడా తినడం మానేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పాను," అంది గౌరి కూర్చోకముందే. "సూప్ బాగానే ఉంది. పులుపు ఉంది. మీ నాలుక బాగానే పనిచేస్తోంది. నేను మానేసింది సూప్ వల్ల కాదు." ఊపిరి తీసుకుంది. "మీ సలైవా వల్ల."

పక్క బల్ల దగ్గర తింటున్న మొగుడూ పెళ్ళాలు తలతిప్పి చూశారు. డార్లీన్ చెయ్యి దానంతటదే తల మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది, అది జారిపోయిందేమో చూసుకుంటున్నట్టు. ఆ మాట ఏం చేసిందో గౌరికి అప్పుడు తెలిసింది. భూమి చీలిపోతే బాగుండును, తను అందులోకి పోతే బాగుండును అనిపించింది.

"డాక్టర్‌ని అడిగే వచ్చాను, గౌరీ," అంది డార్లీన్. గొంతులో కోపం లేదు. అదే ఘోరం. "మందు ఆపి మూడు వారాలైంది. నా ఒంట్లో ఎవరికీ అంటుకునేదేమీ లేదన్నాడు. పసిపిల్లల్ని ముద్దు పెట్టుకోవచ్చన్నాడు. అది తెలియకుండా నీ గిన్నెలో చెంచా పెడతానా?"

"అది కాదు! జబ్బు కాదు! మీరని కాదు, ఎవరిదైనా అంతే," అంది గౌరి. ఇంగ్లీషు వ్యాకరణమంతా వదిలేసి, వచ్చిన ముక్కలన్నీ కలిపి, ఎంగిలంటే ఏమిటో చెప్పుకొచ్చింది. నోట్లో పెట్టుకున్నది ఇంకొకరికి పెట్టకూడదని, కొరికిన పండు దేవుడికి పనికిరాదని, ఒకే సీసాలో నీళ్ళు పదిమంది తాగినా పెదవి తగలనివ్వరని చెప్పింది. బళ్ళో స్నేహితురాలికి జామకాయ సగం ఇవ్వాలంటే పైన గౌను అంచు కప్పి కొరికేవాళ్ళమని, అప్పుడది ఎంగిలి కాదనుకునేవాళ్ళమని కూడా చెప్పింది.

డార్లీన్ చెవులప్పగించి వింది. మెల్లగా భుజాలు కిందికి దిగాయి.

"అంటే మహారాణి వచ్చి చెంచా పెట్టినా నువ్వు తాగవా?"

"తాగను."

"సినిమా హీరో వచ్చినా?"

"ఛీ, అస్సలు తాగను."

డార్లీన్ ఫక్కున నవ్వింది. గౌరి కూడా నవ్వేసింది, కళ్ళు తుడుచుకుంటూ. గండం గడిచిందనుకుంది. మనిషికి సంతోషం వస్తే నోరు అదుపులో ఉండదు కదా.

"గౌను అంచు కప్పి కొరకడం నాకు నచ్చింది," అంది డార్లీన్. "మరి ఇంట్లో ఎలా? మీ ఆయనకీ పూజితకీ కూడా ఇంత పట్టింపేనా?"

"వాళ్ళకేం లేదు," అంది గౌరి హుషారుగా. "పూజిత వదిలేసిన అన్నం రోజూ నేనే తింటాను. మాకు అమ్మలందరూ అంతే. ఆయన సగం తాగిన కాఫీ తాగేస్తాను. సొంత మనుషుల దగ్గర ఎంగిలుండదు. ఫ్యామిలీకి అది లేదు."

అన్నాక వినిపించింది ఆ మాట తనకే.

డార్లీన్ నవ్వు మొహమ్మీద అలాగే ఉంది గానీ, దాని వెనక మనిషి లేదు. "ఫ్యామిలీ," అంది ఒక్కసారి. తల ఊపింది. "సరే. అర్థమైంది, హనీ. నిజంగా ఇప్పుడు అర్థమైంది."

నువ్వు నా కుటుంబమని డార్లీన్ ఎన్నిసార్లు అనలేదు? కటింగ్ టేబుల్ దగ్గర అంది, కారులో అంది, ఆస్పత్రి మంచం మీద కూడా అంది. ఇక్కడివాళ్ళు అందరితోనూ అలాగే అంటారులే అని గౌరి అప్పుడు తేలిగ్గా తీసుకుంది. ఆవిడ లెక్కలో అది ఉత్తుత్తి మాట కాదు. తన లెక్కలోనే డార్లీన్ బయటి మనిషి. ఆ సంగతి తను పైకి ఎన్నడూ అనుకోలేదు, చెయ్యి మాత్రం చెప్పేసింది. ఇప్పుడు నోరు కూడా చెప్పింది. జబ్బంటే భయపడిందనుకుంటేనే నయం. భయం ఎవరికైనా ఉంటుంది. ఈ నిజానికి ఏం జవాబు చెప్పుకోవాలి?

మాటలతో ఇంక లాభం లేదని గౌరి గిన్నె దగ్గరికి లాక్కుంది. చెంచా నిండా సూప్ తీసుకుని నోట్లో పోసుకుంది. చల్లారిపోయింది. మింగింది. రెండోది తీసుకుంది. డార్లీన్ గారిది, ఇది డార్లీన్ గారిది, కారిచ్చి నేర్పించిన మనిషిది అని మనసుకి గట్టిగా చెప్పుకుంది. మనసు ఒప్పుకుంది. గొంతు ఒప్పుకోలేదు. మూడో చెంచా గొంతులో అడ్డం పడి, కళ్ళవెంట నీళ్ళు తిరిగాయి. అయినా నాలుగోదానికి చెయ్యి చాచింది.

డార్లీన్ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"వద్దు, హనీ. ఆ మొహం నాకు తెలుసు. మందు మింగే మొహం అది. ఎనిమిది నెలలు రోజూ అద్దంలో చూసుకున్నాను."

గౌరి చెంచా వదిలేసింది. ఏదో అనబోయింది. ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు.

డార్లీన్ సూప్ గిన్నె తన ముందుకి జరుపుకుంది. గౌరి నోట్లో పెట్టిన చెంచా అందులోనే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టలేదు, తుడవలేదు. దాంతోనే తాగడం మొదలుపెట్టింది. గౌరి కొరికి వదిలేసిన రొట్టెముక్క కూడా తీసుకుని, సూప్‌లో అద్దుకుని తింది. తొందరేమీ పడలేదు, ఒక్కో ముద్దా నోట్లో నిలిపి రుచి చూసుకుంటూ తింది. ఆ ముక్కతోనే గిన్నె అడుగంతా తుడిచింది.

గౌరి ఎంగిలి ఈ భూమ్మీద అలా తిన్న మనిషి అంతకుముందు ఒక్కతే, వాళ్ళమ్మ. ఆ సంగతి డార్లీన్‌కి తెలియదు. చెప్పడానికి గౌరికి మొహం లేదు.

"పులుపు ఉంది," అంది డార్లీన్, నోరు తుడుచుకుంటూ. "నువ్వు చెప్పింది నిజమే. సూప్ బాగుంది."

గౌరి తలెత్తలేదు.